పన్నెండో సాక్షి

మా ఐన్ జెర్వాల్ పట్టణానికి చరిత్ర ఒక శుక్రవారం మధ్యాహ్నం మొదలైంది. అంతకు ముందు ఇక్కడ జనం పుట్టారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, పోయారు గాని, దానికి రుజువు లేదు.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక పదమూడు మంది పెద్దలు మా టీ హోటల్లో కూర్చున్నారు. కుస్కుస్ తిన్నారు. పట్టణ చరిత్ర సంఘాన్ని స్థాపించారు. అధ్యక్షుడు హాజ్ బుసెల్హామ్, జనన మరణాల కచేరీలో ముప్పై ఏళ్లు గుమాస్తా. (ఆయన కలం పోటుకి బతికున్నవాళ్లు ఇద్దరు చచ్చారు. తిరిగి బతకడానికి వాళ్లకు నాలుగేళ్లు పట్టింది.) కార్యదర్శి మందుల కొట్టు సీ లమ్ఫద్దల్. (సీ అంటే మా దగ్గర గారు అని.) టీ పోసింది నేను.

మొదటి నిబంధన హాజే రాశాడు. మా మొరాకోలో కాగితం లేని సంగతికి పన్నెండు మంది సాక్ష్యం చెబితే దస్తావేజు పుడుతుంది. పొలం గట్టుకైనా అంతే, పెళ్లికైనా అంతే. చరిత్రకూ అంతే అన్నాడు. కళ్లారా చూసిన పన్నెండు మంది రావాలి. ప్రాణాలతో రావాలి. గుర్తింపు కార్డు తేవాలి.

నాకున్నది ఒకటే కోరిక. వీధి చివర తొట్టికి నీళ్లు తెచ్చింది మా నాన్న హమ్మాది. కరువొచ్చిన సంవత్సరం కొండ కింద సొరంగం తవ్వాడు. తొట్టి మీద ఆయన పేరు రాయమని వెళ్లాను.

"సాక్షులేరయ్యా జిలాలీ?" అన్నాడు హాజ్.

"తవ్వింది ఏడుగురు హాజ్. ఏడుగురూ పోయారు."

"ఏడుగురేనా! ఇంకో ఐదుగుర్ని పిలుచుకోవద్దూ? మీ నాన్నకి ముందుచూపు లేదయ్యా."

"నీళ్లు వస్తున్నాయి కదా. పొద్దున మీరు నమాజుకి కాళ్లూ చేతులూ కడిగింది వాటితోనే."

"నీళ్లకి కార్డుందా?" అన్నాడు సీ లమ్ఫద్దల్.

సంఘం ఏడాది పాటు పనిచేసింది. కోటగోడ సంగతి తేలలేదు. కట్టినవాళ్లు హాజరు కాలేదు. పెద్ద వరద తొమ్మిది మంది దగ్గర ఆగిపోయింది. (పదో ఆవిడ కర్ర పట్టుకుని వచ్చేసరికి మొదటాయన పోయాడు.) చివరికి రుజువు చేయగలిగింది ఒకటే మిగిలింది. సంఘ స్థాపన. ఆ ముక్క రాయి మీద చెక్కించి నీటితొట్టికి బిగించాలని తీర్మానించారు. ఆ రోజు తిన్నాక చేతులు కడిగింది అక్కడే.

తీరా చూస్తే సాక్షులు పదకొండు మందే. మిగతా ఇద్దరూ కుస్కుస్ తిని నిద్రపోయామన్నారు. నిజాయితీపరులు.

హాజ్ హోటల్‌కి వచ్చాడు. నిలబడే అన్నాడు.

"జిలాలీ, ఆ రోజు నువ్వున్నావు కదా. సంతకం పెట్టు."

"మా నాన్న పేరు?"

"ఫారంలో ఉందిగా! ఇదిగో, తండ్రి పేరు అని గడి. నీ చేత్తో నువ్వే రాసుకో. ఎవడొద్దన్నాడు?"

రాశాను. గడి చిన్నదే. పట్టింది.

రాయి బిగించారు. దాని మీద హాజ్ పేరుంది, లమ్ఫద్దల్ పేరుంది. మా నాన్న పేరు సంఘం బీరువాలో భద్రంగా ఉంది. ఒకసారి చూసి వస్తానని అడిగాను.

చూడొచ్చట. పన్నెండు మంది సంతకాలు పెట్టాలట.