వంతులవారీ బావగారు

"భవనవాసులందరికీ తెలియజేయడమేమనగా, ఈ వారం బావగారు రెండో అంతస్తులో టైలరుగారింట్లో ఉంటారు. ఆయనతో పని ఉన్నవారు, భార్యతో సహా, టైలరుగారి అనుమతి తీసుకుని కలవగలరు."

మెట్లదగ్గర గోడకు ఈ నోటీసు అంటించినప్పుడు మా భవనంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇలాంటివి అంతకుముందే చాలా చూశాం.

మా భవనంలో వీడియో గేములు ఉమ్మడి ఆస్తి. ఒక ఇంటివారు డిస్కు కొంటే అది వారానికో ఇల్లు తిరిగి, అందరి వేలిముద్రలూ పూసుకుని, చివరికి కొన్నవారి చేతికి చేరేది. డిస్కు మీద గీత పెట్టిందెవరన్న గొడవ ఆట కంటే ఎక్కువ రోజులు నడిచేది. ఇంతలో ఆటల కంపెనీ డిస్కులు మానేసి, ఇకపై ఎవరి ఆట వారు ఇంటర్నెట్లోంచి దింపుకోవాలంది. మా సంఘం అధ్యక్షులవారు ఆనందం పట్టలేక సభ పెట్టారు.

"డిస్కు ఒక బానిసత్వం! గుండ్రటి బానిసత్వం! పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడే మనిషికి నిజమైన స్వేచ్ఛ!" అన్నారాయన. అందరం చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాం.

అప్పుడు ఆట కొనే వంతు అధ్యక్షులవారి అక్క భర్తది. ఆయన్ని భవనమంతా బావగారనే పిలుస్తుంది. పాపం, ఎంతో ముచ్చటపడి కొన్నారు. గుర్రమెక్కి కోటలన్నీ దాటుకుంటూ పోయే ఆట అది. చివరి కోటలో ఏముందో చూడాలన్నది ఆయన కోరిక. అందమైన అట్టపెట్టె తెరిస్తే లోపల అంకెల చీటీ ఒకటి ఉంది. ఆ అంకెలు కొట్టి ఆట దింపుకుంటే, కొన్నవారి ముఖం చూపమంది. గంట ఆడాక మళ్లీ చూపమంది.

ఆటను ఇంటింటికీ పంపడం మా ఆచారం. ఆట ముఖంలో ఉంది గనక ముఖాన్ని పంపాలని, ముఖం విడిగా రాదు గనక బావగారిని పంపాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆయన గడ్డం పెంచరాదనీ, కళ్లజోడు మార్చరాదనీ, అనవసరంగా నవ్వరాదనీ కూడా తీర్మానించింది.

టైలరుగారి వారంలో బావగారికి పన్ను సలిపి చెంప బంతిలా వాచింది. ఆట ఆడే యంత్రం ఆయన్ని గుర్తుపట్టనంది.

"మా వంతులోనే వాచాలా అండీ మీ చెంప?" అని టైలరుగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

సంఘం సొంత ఖర్చుతో బావగారిని పళ్ల డాక్టరు దగ్గరికి మోసుకెళ్లింది. ఒక్క మనిషి పంటినొప్పికి భవనమంతా అంతగా తల్లడిల్లడం మరెక్కడా చూడం.

ప్రతి ఇంట్లోనూ చివరి కోట తలుపు తెరుచుకునే సమయానికి బావగారు గట్టిగా కళ్లు మూసుకునేవారు. యంత్రం అడిగితే తెరిచి, ముఖం చూపి, మళ్లీ మూసుకునేవారు. అది తన ఇంట్లో, భార్య పక్కన కూర్చుని చూడాలని ఆయన పట్టుదల.

"ఒరేయ్ తమ్ముడూ, మా ఆయన్ని ఇంటికెప్పుడు పంపుతావురా?" అని ఆవిడ అధ్యక్షులవారిని నిలదీసింది.

"కొన్నవాళ్లు చివర్న ఆడటం మన పద్ధతి కదక్కా."

"డిస్కుకి ఆ పద్ధతి బాగానే ఉండేది. దానికి నేను అన్నం వండి పెట్టక్కర్లేదు కదా!"

ఎట్టకేలకు ఒక ఆదివారం బావగారు ఇంటికొచ్చారు. భార్యాభర్తలిద్దరూ తెర ముందు కూర్చున్నారు. యంత్రం ఆయన ముఖాన్ని ఇట్టే గుర్తుపట్టి, స్వాగతం పలికి, ఆటను నిలిపివేశామనీ, ఇన్నాళ్లూ ఆదరించినందుకు ధన్యవాదాలనీ తెలియజేసింది.

బావగారు కంపెనీకి ఫోన్ చేశారు.

"నేను కొనుక్కున్న ఆటండీ అది!"

"ఆట అమ్మలేదండీ. ఆడుకోవడానికి అనుమతి ఇచ్చాం, అంతే. గడువైపోయింది," అంది ఫోన్ ఎత్తిన కంపెనీ అమ్మాయి ఎంతో మర్యాదగా.

"సరే, మరి నా ముఖం? అదైనా తీసేయండి."

"అది కుదరదండీ. ముఖం మీరు మాకు శాశ్వతంగా ఇచ్చేశారు. ఇంకేమైనా సహాయం కావాలా అండీ?"

బావగారు ఫోన్ పెట్టేశారు. అధ్యక్షులవారు అప్పటికప్పుడు సభ పెట్టి, "మన ముఖాలు మనవే!" అని గర్జించారు. ఆ కంపెనీ గడప ఇక తొక్కబోమని అందరం ఒట్టు వేశాం.

మర్నాడే కంపెనీ కొత్త ఆట ప్రకటించింది. ఈసారి ఇంటిల్లిపాదీ ముఖాలు చూపాలట. ముందుగా చూపినవారికి ఆటలో బంగారు కత్తి ఉచితమట. ఆటల దుకాణం ముందు అధ్యక్షులవారు అప్పుడే తల దువ్వుకుని నిలబడ్డారు. ఆయన వెనక టైలరుగారు, ఆయన వెనక మేమందరం. మీరూ కాస్త ముఖం కడుక్కుని త్వరగా రండి, లైను కదులుతోంది.