మింగని మాత్ర మహిమ

నగర ప్రజలకు శుభవార్త. ముసలివారి దిగులుకు మందు దొరికింది. ఆ దిగులు మెదడులో ఏ మూల కాపురముంటుందో స్కాను యంత్రం ఫొటో తీసి మరీ పట్టిచ్చింది. ఈ ఘనకార్యం చెన్నైలోని ఒక పేరుమోసిన పరిశోధనాలయంలో, డాక్టర్ సీతారామారావుగారి సారథ్యంలో జరిగింది.

పరిశోధనకు ఎంపికైనవారిలో ఆణిముత్యం మాధవరం మంగళమ్మ. వయసు డెబ్బై రెండు. యంత్రంలో ముప్పావుగంట తల కదపకూడదు, మాట్లాడకూడదు. మిగతావాళ్లు పది నిమిషాలకే గగ్గోలు పెట్టారు. ఆమె మాత్రం రాయిలా పడుకుంది. డాక్టరుగారు ముచ్చటపడి రహస్యం అడిగారు.

"ఇంట్లోనూ అంతే గదా నాయనా," అంది.

కొడుకు శ్యామ్, కోడలు శ్రీప్రియ, మనవరాలు కార్తీక తలా ఒక ఫోనులో ఉండగా ఎనిమిదేళ్లు సాధన చేసిందట. ఆ కుటుంబానికి శాస్త్రలోకం రుణపడి ఉంది.

ప్రతి గురువారం స్కాను తీసి, వారానికి సరిపడా మాత్రలిచ్చి, "నయమైతే ఇక రానక్కర్లేదు" అని ధైర్యం చెప్పి పంపేవారు. యంత్రం నడిపే జెబరాజ్ వ్యాసర్పాడివాడు, క్రమశిక్షణ లేనివాడు. మీట నొక్కే ముందు మైకులో పలకరించేవాడు.

"అవ్వా, పొద్దున ఏం తింటివి?"

"ఇడ్లీ, రాత్రి చారు."

"చారుతో ఇడ్లీనా! మా ఇంట్లో అట్ల పెడితే ఇల్లొదిలి పోతా."

"పోరా. మీయమ్మ ఆ పూట పాయసం వండుకుంటాది."

ఇలాంటి అశాస్త్రీయ సంభాషణలు అరగంట సాగేవి. జెబరాజ్‌కు రెండు మెమోలు అందాయి.

మూడు నెలలు గడిచాయి. ప్రశ్నాపత్రంలో మంగళమ్మ అన్నింటికీ "బాగాలేదు" అనే చెప్పింది. కానీ ఫొటోలో నల్లబడిన చోటల్లా రంగులొచ్చాయి. డాక్టరుగారు పత్రికలవాళ్లను పిలిచి, ఆమెను వేదికమీద నిలబెట్టారు.

"ముసలివారి నోరు నమ్మకండి! మెదడు అబద్ధమాడదు! మా మాత్ర గెలిచింది!"

మంగళమ్మ కొంగుముడి విప్పింది. ఎనభై నాలుగు మాత్రలు బల్లమీద దొర్లాయి.

"ఒక్కటీ మింగలా నాయనా. అంటే జబ్బు నయం కాలేదు గదా? వచ్చే గురువారం ఈడికి రావచ్చునా?"

కెమెరాలన్నీ బల్లవైపు తిరిగాయి. డాక్టరుగారు మాత్రం తొణకలేదు.

"చూశారా! మింగకుండానే ఇంత పనిచేసిన మాత్ర, మింగితే ఎంత పనిచేస్తుందో ఊహించండి!"

చప్పట్లు మిన్నుముట్టాయి.

జెబరాజ్‌కు మూడో మెమో అందింది. ఇప్పుడు ఫైళ్ల గదిలో ఉన్నాడు. ఫైళ్లు చారు సంగతి ఎత్తవు. మంగళమ్మకు నయమైనట్టు సర్టిఫికెట్టు ఇచ్చి, ఇక రానక్కర్లేదన్నారు. శ్యామ్ దాన్ని ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. నలభై నమస్కారాలు వచ్చాయి. ఆ నమస్కారాలను ముగ్గురూ ఎవరి ఫోనులో వారు చూసుకున్నారు. ఎదురుగా సోఫాలో మంగళమ్మ రాయిలా కూర్చుంది.

ఇది చదువుతుండగా పక్కనుంచి ఎవరైనా, "దేనికి నవ్వుతా ఉండావు నాయనా?" అని అడిగితే కంగారుపడకండి. తల కదపకండి. మాట్లాడకండి.

ఫొటో చెడిపోతుంది.