ఆరో చీర

పెరుగు తోడుకోకపోవడానికి కారణం ఎవరన్న దానిమీద ఆ ఇంట్లో ఉదయం ఆరున్నరకే మాటలు పెరిగాయి. స్టవ్ పక్కన వెచ్చగా పెట్టిన గిన్నెను రఘుపతి తన ఫోన్ చార్జింగ్ కోసం కిటికీ గట్టు మీదకి జరిపాడు. సుభాషిణి ఆ గిన్నెను అతని ముందు వంచి చూపించింది. పాలు పాలలాగే ఉన్నాయి.

"అర అడుగు జరిపితే పెరుగుకి తెలుస్తుందా?" అన్నాడు రఘుపతి.

"తెలిసింది కాబట్టే తోడుకోలేదు."

అత్తగారు తాయారమ్మ ఇద్దరినీ చూసి, మజ్జిగ లేకపోతే చారు పెడతానని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మామూలు రోజైతే ఈ తగువు ఇంకో పది నిమిషాలు సాగేది. ఆ రోజు సుభాషిణికి తీరిక లేదు. స్కూలుకి తనిఖీ ఆఫీసరు వస్తోంది.

రఘుపతి బ్యాంకు ఉద్యోగం కాకినాడ నుంచి సూరత్‌కి బదిలీ అయి నాలుగేళ్ళయింది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన సుభాషిణి లింబాయత్‌లో ఒక ట్రస్టు నడిపే తెలుగు మీడియం హైస్కూల్లో సైన్సు చెబుతోంది. తనిఖీ కోసం హెడ్మాస్టరు ఉమాకాంత్ కొత్తగా ఐదు బోర్డులు రాయించాడు: తెలుగు విభాగం, ఇంగ్లీషు విభాగం, లెక్కల విభాగం, సైన్సు విభాగం, సోషల్ విభాగం. ఒక్కో బోర్డు వెనక ఒక్కో టీచరమ్మ ఉంది. గుజరాతీ తనే చెబుతాడు కనక మొహమాటపడి దానికి బోర్డు పెట్టుకోలేదు. మెట్ల కింద ఆరో బోర్డు ఒకటుంది, సహాయక సిబ్బంది అని. దాని కిందకి వచ్చేది ఇద్దరు, గుమాస్తా బుచ్చిరాములు, ఆయా లలితమ్మ.

పిల్లలు తగ్గుతున్నారు కాబట్టి ఆయా ఉద్యోగం ఉంచాలా తీసేయాలా అన్నది ఈ ఆఫీసరు రిపోర్టు చూసి తేలుస్తామని ట్రస్టు వాళ్ళు రాశారు. లలితమ్మ భర్త లస్మయ్య పాండేసరలో రంగుల మిల్లులో పనిచేస్తాడు. ఆ మిల్లు ఇప్పుడు వారానికి నాలుగు రోజులే నడుస్తోంది. ఇల్లు గడుస్తున్నది లలితమ్మ జీతం మీదే. ల్యాబులో ఏ సీసా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది కూడా ఆవిడే. అందుకని ఆఫీసరుకి వేలెత్తి చూపడానికి ధూళికణం కూడా దొరకకూడదని సుభాషిణి వారం రోజులుగా తిండి సరిగ్గా తినలేదు.

టీచరమ్మలంతా ఒకే రకం చీరలో రావాలన్నది ఉమాకాంత్ కోరిక. సూరత్‌లో అదేం కష్టం కాదు. లస్మయ్య మిల్లు దగ్గర నుంచి ఒక కట్ట తెచ్చాడు, వంకాయ రంగు మీద పసుపు చుక్కలు. టోకున అమ్మే కట్టలో ఒకే డిజైను చీరలు ఆరుంటాయి, విడదీసి ఇవ్వరు. టీచరమ్మలు ఐదుగురే. తెప్పించిన మనిషికి ఇవ్వకుండా మిగిలిన చీరని బీరువాలో పెట్టడం న్యాయం కాదని, ఆరోది లలితమ్మ కట్టుకోవాలని పట్టుబట్టింది సుభాషిణే.

ఆఫీసరు పదకొండింటికి వస్తుందన్నారు. పది దాటేసరికి సుభాషిణి ల్యాబు చుట్టూ మూడోసారి తిరుగుతోంది. లలితమ్మ అప్పటికి రెండుసార్లు ఊడ్చింది. అయినా సుభాషిణి స్కేలు తీసుకుని బీరువా కిందకి పోనిచ్చి లాగితే ఉండగట్టిన దుమ్ము వచ్చింది. లలితమ్మని సీసాలు తుడుస్తూ ఉండమని చెప్పి, తనే చీపురు పట్టి వంగింది. మోచెయ్యి బల్ల అంచుకి తగిలి గాజు కుప్పె ఒకటి కింద పడి పగిలింది. ముక్కలెత్తుదామని సుభాషిణి గొంతుక్కూర్చుంది.

సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకి ముప్పావుగంట ముందు, ఆఫీసరు భాగీరథీబెన్ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడకి కనిపించింది వంకాయ రంగు చీరల్లో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె చీపురుతో గాజుముక్కల మధ్య నేలమీద కూర్చుని ఉంది. ఇంకొకామె అలమర దగ్గర నిలబడి, నీలం సీసాని వెలుతురుకి ఎత్తిపట్టి పరీక్షగా చూస్తోంది. ఆఫీసరు నిలబడి ఉన్నామెకి నమస్కారం చేసి గుజరాతీలో మొదలుపెట్టింది.

ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళో ఉన్న లలితమ్మ గుజరాతీ షేర్ ఆటో కంటే వేగంగా పోతుంది. సుభాషిణికి వచ్చిన గుజరాతీ కూరల బండి దగ్గరకే చాలదు, వేళ్ళు కూడా వాడాలి. టీచరమ్మకి భాష రాదు కాబట్టి తనని అడుగుతున్నారనుకుంది లలితమ్మ. అడిగినదానికల్లా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఈ నీలం పలుకులు మైలుతుత్తం, కాలిస్తే తెల్లబడుతుంది, నీళ్ళు చిలకరిస్తే మళ్ళీ నీలమవుతుంది. యాసిడ్ సీసాలు కింది అరలో ఎందుకున్నాయంటే పైనుంచి పడితే పిల్లల నెత్తిన పడతాయి. నీళ్ళు బాగా మరగకపోతే గుడ్డకి రంగు ఎందుకు పట్టదో లస్మయ్య చెప్పిన సంగతి కూడా కలిపింది. సైన్సు గదిలో తనకి పదకొండేళ్ళు. పేరు లలిత. కింద కూర్చున్నామె పేరు సుభాషిణి. ఆమె పనితనం ఎలాంటిదని అడిగితే లలితమ్మ మనసారా చెప్పింది, చాలా మంచి మనిషి, ఒక్క నిమిషం ఊరికే కూర్చోదు, కాకపోతే కంగారెక్కువ.

సుభాషిణికి తన పేరొక్కటే అర్థమైంది. లేచి, ఉన్న హిందీ అంతా కూడదీసుకుని, "మేడమ్, మై సైన్స్..." అంది.

"పహలే కాచ్ ఉఠా లో, బెన్," అంది ఆఫీసరు మెత్తగా, ముందు గాజు ఎత్తమని.

సుభాషిణి ఎత్తింది.

ఈలోగా ఉమాకాంత్ పరుగున వచ్చాడు. మీ సైన్సు హెడ్ రత్నమని ఆఫీసరు అంటే, అతను సుభాషిణి ఎమ్మెస్సీని తలచుకుని, స్కూలంతా ఆమె మీదే నడుస్తోందని చెప్పాడు. టీ తెచ్చే లలితమ్మని ఆఫీసరు వదలడం లేదు. ఉమాకాంత్ సుభాషిణికి సైగ చేశాడు. ఈ వంకనైనా ఆఫీసరుతో ఆయా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పవచ్చని సుభాషిణి ట్రే పట్టుకొచ్చింది. దారంతా హిందీలో ఆ మాట కూర్చుకుంటూనే ఉంది. అది పూర్తయ్యే లోపల ట్రే వంగి రెండు కప్పుల టీ ఆఫీసరు కాగితాల మీద పడింది. లలితమ్మ గబుక్కున గుడ్డ తెచ్చి రెండు విసుర్లలో బల్ల తుడిచేసింది. హెడ్ అయ్యుండి ఎంత అణకువ అని ఆఫీసరు ఉమాకాంత్ వైపు తిరిగి మెచ్చుకుంది.

తరువాత ఎనిమిది రోజులు సుభాషిణి కుదురుగా కూర్చోలేదు. తన చేతులారా లలితమ్మ ఉద్యోగం పోగొట్టానేమోనన్న దిగులుతో రోజూ గుమాస్తాను అడిగేది, రిపోర్టు వచ్చిందా అని.

"వస్తే నేనే తెస్త టీచరమ్మా. దానికి కాళ్ళు లెవ్వు," అనేవాడు బుచ్చిరాములు.

శనివారం ఒంటిపూట బడి వదిలేవేళకి వచ్చింది. హెడ్మాస్టరు గదిలో బుచ్చిరాములు గుజరాతీ చదివి తెలుగులో చెప్పాడు. సైన్సు విభాగం అన్నిటికన్నా మేలు. హెడ్ లలితాబెన్‌కి అనుభవంతో వచ్చిన జ్ఞానం ఉంది. ఆయా సుభాషిణీబెన్ మాత్రం గాజు పగలగొట్టింది, టీ ఒలకబోసింది, ఊడిస్తే మూలలు వదిలేసింది. అయినా అంతటి హెడ్‌ని సాయం లేకుండా వదలడం భావ్యం కాదు. కాబట్టి ఆయా ఉద్యోగాన్ని మూడు నెలలు కొనసాగించవచ్చు. లలితాబెన్ ఈమెకి పని నేర్పాలి. నేర్చుకున్నదీ లేనిదీ తను వచ్చి చూస్తుంది. నేర్చుకుంటేనే ఉద్యోగం ఖాయం.

బుచ్చిరాములు కాగితం మడిచి, మడత మీద వేలితో ఇంకోసారి రుద్దాడు.

ఇది దిద్దుతూ ఉత్తరం రాస్తే రిపోర్టంతా కొట్టేస్తారని, రెండోసారి వచ్చే ఆఫీసరు ఆయా ఉద్యోగం ఉంచమంటాడన్న నమ్మకం లేదని ఉమాకాంత్ నేల చూస్తూ చెప్పాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ లలితమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"టీచరమ్మా, గామె అడిగింది, నేను చెప్పిన. ఒక్క ముచ్చట అబద్ధమాడలే. గా మేడమ్ కాడికి పోయి నేనే చెప్త. కొలువు పోతే పాయె."

"లస్మయ్యకి మిల్లు నాలుగు రోజులే కదా?" అంది సుభాషిణి.

"ఈ వారం మూడే."

సుభాషిణి రిపోర్టు అందుకుని, చదవడం రాకపోయినా కిందివరకూ చూసింది. తరువాత దాన్ని బల్లమీద పెట్టి, ఉత్తరం ఏమీ రాయవద్దని హెడ్మాస్టరుకి చెప్పింది. లలితమ్మ కాసేపు తటపటాయించింది.

"గట్లయితే ముందు చీపురు పట్టుడు మార్చాలె టీచరమ్మా. మీరు పట్టినట్టు పడితే మూలలు ఏడొస్తయి?"

రెండో శనివారం కావడంతో రఘుపతి ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. సుభాషిణి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, అన్నంలో పప్పు కలుపుకుంటూ తన నిర్ణయం చెప్పింది.

"సోమవారం నుంచి మూడు నెలలు, పాఠాలయ్యాక రోజూ గంటసేపు, లలితమ్మ దగ్గర ఊడ్చడం, గాజు సామాను కడగడం నేర్చుకుంటున్నాను. ఆఫీసరు వచ్చి చూసేది నన్నే."

రఘుపతి చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఎమ్మెస్సీ చదివి ఇదేమిటన్నాడు. ఆ పరీక్షకి ఎమ్మెస్సీ అడగలేదని, తను తప్పితే పోయేది లలితమ్మ ఉద్యోగమని సుభాషిణి జవాబిచ్చింది.

తాయారమ్మ కోడలి కంచంలో ఇంకో గరిటె పప్పు వడ్డించి, కాసేపు లోలోపల లెక్క వేసుకుంది.

"మూడు నెలలు సరిపోతాయంటావా?" అంది.