పడవ లాగే బండి

ఆదివారం పొద్దున్నే లేచి, కాఫీ తాగి, కొత్త బండి అందుకుని, దానికి పడవ తగిలించుకుని, భోజనాల వేళకల్లా చెరువులో ఉండాలన్నది పెద్దల్లుడి పథకం. పథకంలో లోపం లేదు. అతని పథకాల్లో ఎప్పుడూ లోపం ఉండదు, మధ్యలో ఇతరులు వచ్చి పాడుచేస్తుంటారు, అంతే. కళ్లజోళ్ల దుకాణం నడిపే మనిషి కావడం వల్ల, లోకంలో అందరికీ చూపు కాస్త తక్కువని, తనకు మాత్రం అన్నీ స్పష్టంగా కనిపిస్తాయని అతని నమ్మకం.

చక్రాల చట్రం మీద ఉండే ఆ మోటారు పడవ మామగారిది. ఆయన రిటైరైన జడ్జి. మోకాళ్లు మొరాయించడంతో చెరువుకి వెళ్లడం మానేసి, పడవ ఉన్న షెడ్డులో తన లా పుస్తకాలు సర్దుకుందామని నిశ్చయించారు. ఆదివారం ఎవరి బండి పడవను గేటు దాటిస్తే పడవ వాళ్లదేనని అల్లుళ్లిద్దరికీ చెప్పేశారు. ఆయన నోట ఒకసారి మాట వచ్చిందంటే ఇక తిరుగులేదు. ఉద్యోగం చేసిన రోజుల్లో కనీసం పైకోర్టు ఉండేది, ఇంట్లో అదీ లేదు. తన చూపు మందగించిందని మాత్రం ఆయన చచ్చినా ఒప్పుకోరు. అల్లుడి దుకాణం నిండా కళ్లజోళ్లున్నా ఇంతవరకు ఒక్కటీ ముక్కు మీదకి రానివ్వలేదు.

నిజానికి పెద్దల్లుడికి పడవ మీద అంత మోజేమీ లేదు. చిన్నల్లుడు ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మామగారు "చిన్నల్లుడు సాధించాడు" అనే మాట అలవాటు చేసుకున్నారు. కుళాయి కారడం ఆగినా చిన్నల్లుడు సాధించాడు, పక్కింటి కుక్క మొరగడం మానినా చిన్నల్లుడు సాధించాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మాటలో 'చిన్న' తీసేసి 'పెద్ద' పెట్టించుకోవాలని ఇతని కోరిక. వినడానికి నవ్వు రావచ్చు గానీ, అతనికి మాత్రం అది చాలా ఏళ్లుగా లోపల గుచ్చుకుంటూనే ఉంది.

చిన్నల్లుడికి ఎత్తయిన జీపు ఉంది, దాని వెనక బలమైన కొక్కెం ఉంది. పెద్దల్లుడికి ఉన్నది అగ్గిపెట్టంత కారు. హాయిగా ఒక జీపు అద్దెకు తెచ్చుకోమని భార్య చెప్పింది. అద్దె బండితో గెలిస్తే గెలుపు కూడా అద్దెదే అవుతుందని అతను కొట్టిపారేసి, పాత కార్లు అమ్మే వ్యాపారికి ఫోను చేశాడు.

"నాకు పడవ లాగే బండి కావాలండీ" అన్నాడు.

అవతల వ్యాపారి కాసేపు ఆలోచించాడు. "పడవ లాగే అంటే... ఎంత పొడుగు సార్?"

"పద్దెనిమిది అడుగులు."

"అబ్బో. ఎంతమంది పడతారు?"

"ఆరుగురు హాయిగా కూర్చోవచ్చు. తెల్ల రంగు, నడుం చుట్టూ నీలం చార."

"పైన కప్పు ఉంటుందా సార్?"

"కప్పెందుకండీ, గాలి తగలొద్దూ? తెరిచే ఉంటుంది."

ఇన్ని ప్రశ్నలడిగిన వ్యాపారి మీద పెద్దల్లుడికి గౌరవం పెరిగింది. లాగబోయే పడవ గురించి ఇంత శ్రద్ధగా కనుక్కునేవాడు తప్పకుండా సరైన బండే తెస్తాడని భార్యతో గొప్పగా చెప్పాడు. తన చిన్న కారుని మార్పిడి కింద ఇస్తానని అప్పుడే మాట ఇచ్చేశాడు కూడా. పాపం వ్యాపారి తప్పేమీ లేదు. 'పడవ లాగే' అన్నప్పుడు మధ్యలో ఉండే ఖాళీ కాగితం మీదైతే కనిపిస్తుంది. ఫోనులో ఖాళీలు కనిపించవు.

ఆదివారం పొద్దున వీధిలోకి ఒక బండి వచ్చి ఆగింది. ఆగింది అనడం కన్నా, ముందు భాగం వీళ్ల ఇంటి ముందు ఆగితే వెనక భాగం ఇంకా పక్కింటి ముందే ఉందనడం నిజం. తెల్లగా, పొడుగ్గా, టాపు లేకుండా, నడుం చుట్టూ నీలం చారతో అచ్చం పడవలాగే ఉంది. చార ముట్టుకోవద్దని, మీ కోసమని రాత్రే వేయించానని, ఇంకా ఆరలేదని వ్యాపారి మురిసిపోతూ చెప్పాడు. ఇలాంటిది దొరకడానికి ఊళ్లన్నీ గాలించానన్నాడు. తాళం చేతిలో పెట్టి, చిన్న కారెక్కి వెళ్లిపోయాడు.

భార్య బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. అది కాస్త పెద్ద నడకే.

"ఏవండీ, దీనికి కొక్కెం ఏదీ?"

అప్పుడు తట్టింది పెద్దల్లుడికి, ఎక్కడ పొరపాటు జరిగిందో. అయినా మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "ఇంత బండికి కొక్కెమొకటి కావాలా? తాడు వేసి కడితే చెరువుని కూడా లాక్కొస్తుంది" అని ఎక్కి కూర్చున్నాడు. ఆవిడ కొంగు నెత్తికి చుట్టుకుని పక్కన కూర్చుంది.

ఒక విషయంలో మాత్రం అతను గెలిచాడు. మామగారింటికి చిన్నల్లుడి కన్నా ముందే చేరాడు. గేటు బార్లా తెరిచే ఉంది. అంత పొడుగు బండిని లోపలికి తిప్పేటప్పుడు ఎవరైనా రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. పెద్దల్లుడు ఒకే ఊపులో తిప్పేశాడు. ముక్కు ఒక స్తంభానికి, తోక ఇంకో స్తంభానికి పట్టేసి, బండి గేటులో ఐమూలగా ఇరుక్కుంది. తడి చార కొంత స్తంభాలకి అంటుకుంది. వెనక్కి తీద్దామని గట్టిగా తొక్కితే ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

అంతలో చిన్నల్లుడు భార్యతో సహా జీపులో వచ్చి దిగాడు. లోపలికి వెళ్లే దారి లేదు. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు బయటికొచ్చి, పెళ్లికొడుకు ఎక్కడని అడగడం మొదలుపెట్టారు. చిన్నల్లుడు మంచివాడు, అదే అతనితో వచ్చిన చిక్కు.

"అన్నయ్యగారూ, మీరు స్టీరింగు పట్టుకోండి. నేను జీపుకి కట్టి బయటికి లాగేస్తాను. తర్వాత పడవ సంగతి చూసుకుందాం" అన్నాడు.

పోటీదారుడి చేత తన బండి లాగించుకోవడం కన్నా నేలలోకి దిగిపోవడం నయమనిపించింది పెద్దల్లుడికి. కానీ నేల సహకరించలేదు. భార్యని దింపేసి, తలవంచుకుని స్టీరింగు పట్టుకున్నాడు. జీపు గర్జించింది. స్తంభాలు గీరుకుంటూ తెల్లటి పొడుగాటి బండి గేటులోంచి ఊడి వీధిలోకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే జడ్జిగారు మేడ మీద వసారాలోకి వచ్చారు. కింద ఆయనకి కనబడినదల్లా, చిన్నల్లుడి జీపు వెనక టాపు లేని తెల్లటి పొడుగాటి వస్తువు, దానికి నీలం చార, గేటు దాటి పోతుండడం. అందులో కూర్చున్న పెద్దల్లుడిని ఏ గుడ్డల మూటో అనుకుని ఉంటారు. ఆయన రెయిలింగు పట్టుకుని, కోర్టు మారుమోగిన ఆ పాత గొంతుతో వీధి వీధంతా వినేలా చెప్పారు.

"చిన్నల్లుడుగారూ, భేష్. మీరు లాక్కెళ్తున్నది ఇక మీదే. షెడ్డులో మిగిలిందంతా పెద్దల్లుడుగారిది. ఇదే నా తీర్పు."

చిన్నల్లుడు జీపు ఆపి వెనక్కి చూశాడు. అతని వెనక ఉన్నది బండి. షెడ్డులో మిగిలింది పడవ.

ముందుగా తేరుకున్నవాడు పెద్దల్లుడే. బండి దిగి, చొక్కా దులుపుకుని, మామయ్యగారి తీర్పుని తానెన్నడూ ధిక్కరించలేదని, ఇప్పుడూ ధిక్కరించబోనని, తన సొంత బండి అయినా సరే తమ్ముడికి మనస్ఫూర్తిగా ఇచ్చేస్తున్నానని ప్రకటించాడు. చిన్నల్లుడు ఏదో అనబోయాడు గానీ, అతని భార్య అప్పటికే వెళ్లి ఆ బండిలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఎవరేమన్నా దిగనంది.

జడ్జిగారు మెల్లగా మెట్లు దిగి, షెడ్డులోకి వెళ్లి, పడవను చేత్తో తడిమి చూశారు. చూపు తగ్గిందని ఒప్పుకుంటే తీర్పు మారుతుంది, ఒప్పుకోకపోతే పడవ చేతులు మారుతుంది. ఆయన గొంతు సవరించుకుని, "నాకన్నీ కనిపించే చెప్పాను" అన్నారు. దాంతో కేసు ముగిసింది.

ఇక పడవను లాగడానికి కొక్కెమున్న బండి ఊళ్లో వాళ్లకి తెలిసినంతలో ఒక్కటే. చిన్నల్లుడే పడవను జీపుకి తగిలించి చెరువుకి చేర్చాడు, నీళ్లలోకి దింపి పెట్టాడు. పెద్దల్లుడు అక్కచెల్లెళ్లిద్దరినీ, తోడల్లుడినీ ఎక్కించుకుని, తాళం తిప్పాడు. పడవ జోరుగా ముందుకు దూకింది. మోకాళ్లని బతిమాలుకుని వచ్చి, గట్టున కుర్చీ వేసుకుని కూర్చున్న జడ్జిగారు పక్కవాళ్లకి చూపిస్తూ, "పెద్దల్లుడు సాధించాడు" అన్నారు.

నీళ్ల మీదుగా ఆ మాట అతని చెవిన పడింది. కళ్లు చెమర్చాయి.

చెరువు నడిమధ్యకి చేరాక, దీన్ని తిప్పడం గానీ ఆపడం గానీ తనకు రాదని పెద్దల్లుడు అందరికీ పూర్తి ధీమాతో చెప్పాడు.