క్లచ్ లేని కారు కాపురానికి చేటు

దేశంలో ఉన్న ఆటోమేటిక్ కార్లన్నిటినీ పట్టుకొచ్చి, గేర్‌బాక్సులు పీకి, ఒక్కోదానికి ఒక క్లచ్, ఒక గేరు కడ్డీ దిగ్గొట్టాలి. ఇందులో రెండో మాట లేదు. అడ్డొచ్చినవాళ్లు కుటుంబ ద్రోహులు!

ఎందుకంటారా? ఆటోమేటిక్ బండిలో ఎడమకాలికి పనుండదు. పని లేని కాలు ఏం చేస్తుంది? తాళం వేస్తుంది. కాలు తాళం వేస్తే నోరు పాటెత్తుకుంటుంది. ఆడమనిషి పాడుకుంటూ కారు తోలుకుపోతే ఊరు ఏమైపోవాలి?

నమ్మకపోతే తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కన పెరుమాళ్సామి ఇంటికి రండి. నల్లరేగడిలో మిరప, పత్తి పండించే ఆసామి. కొడుకు హరికృష్ణన్ ఒక సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొని వాకిట్లో నిలబెట్టి, తాను అగ్గిపెట్టెల లోడ్లతో ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాడు. గేరు లేని బండి తోలనని పెరుమాళ్సామి ఒట్టు. దాంతో బండి కోడలు కార్తిక చేతికొచ్చింది.

ఆమెకు విరుదునగర్‌లో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. తెల్లారేసరికి జనం పరగడుపున చేతులు చాపుకుని కూర్చుంటారు. బస్సులో పోయినన్నాళ్లూ ఆలస్యమే. కారొచ్చాక ఆ బాధ పోయింది.

కోడలి బాధ పోతే మామ బాధ మొదలైంది. టీకొట్టు దగ్గర మారిసామి ఊరుకుంటాడా?

"ఏం మామా, కోడలు బండి తోలతా ఉంటే నువ్వు ముందర కూర్చుండావే. దిష్టికి కట్టినారా నిన్ను?"

"అదొక బండా? గేరే లేదు. ఎవురైనా తోలతారు పోప్పా" అన్నాడు పెరుమాళ్సామి. టీ మాత్రం సగం వదిలేసి లేచాడు.

రేడియేటర్లో నీళ్లు తగ్గినప్పుడల్లా, కూలెంట్ దండగని ఆయన బోరునీళ్లు పోసేవాడు. రేగడి బోరు, ఉప్పునీళ్లు. ఆ నీళ్లలో పప్పు ఉడకదని భార్య నాగమ్మాళ్ కాపురానికొచ్చిన నాటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది. పప్పును ఉడికించలేని నీళ్లు ఇంజిన్ను మాత్రం మెత్తగా ఉడికించాయి. సాత్తూరు దాటకముందే బానెట్లోంచి పొగ.

తప్పెవరిది? ఇంకెవరిది, ఆటోమేటిక్‌దే.

విరుదునగర్ మెకానిక్ పాండీశ్వరన్, ఎక్కడో గుద్దుకుని తుక్కైన అదే మోడల్ కారు ఇంజిన్ సంపాదించాడు. దానికి తగులుకుని మాన్యువల్ గేర్‌బాక్సు కూడా వచ్చింది.

"గేర్‌బాక్సు నీ పాతదే బాగుండాది అణ్ణాచ్చి. దాన్నే తగిలిస్తా."

"వద్దు. క్లచ్ పెట్టు. ఇంక కొంచెం కంట్రోలు ఉండాల."

"బండికా?"

పెరుమాళ్సామి అడ్వాన్సు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టాడు.

కార్తిక ఒక్కసారే అడిగింది. "నాకు క్లచ్ రాదు మామా. ఉద్యోగం ఎట్టా?"

"బస్సు ఉండాది గదమ్మా."

పాండీశ్వరన్ పెడలు బిగించాడు. వైర్లు మార్చాడు. కారులోని కంప్యూటరు పాత గేర్‌బాక్సు కనపడక స్టార్టు కానని మొండికేస్తే దాన్నీ మార్చాడు. కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించారు. సంప్రదాయం నిలబడింది.

లాభాలు చూడండి. గేరు పెట్టించిన మామకు తోలే తీరిక లేదు, వారమంతా కారు వాకిట్లోనే. పెట్రోలు మిగులు. కారు కింద కోళ్లు గుడ్లు పెట్టాయి. బానెట్ మీద నాగమ్మాళ్ మిరపకాయలు ఆరబోసింది. ఏ ఆటోమేటిక్ ఇంత సేవ చేస్తుంది? నష్టమంటారా, అదెంత? కార్తిక బస్సుకు వేలాడి ల్యాబు చేరేసరికి, ఆకలితో కూర్చున్న ఒక షుగరు ముసలాయన కళ్లు తిరిగి బెంచీ మీద ఒరిగిపోయాడు. ల్యాబు నడిపే ప్రియా మేడం తేల్చి చెప్పింది. "సోమవారం నుంచి టైముకు రా. లేకపోతే రావద్దు."

ఆదివారం కార్తిక మిరపకాయలు గోనెసంచిలోకి ఎత్తి, అత్తను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, పొలం దారిలోకి కారు తీసింది. ఆగిపోయింది. గెంతింది. ముళ్లకంచెను ముద్దు పెట్టుకుంది. పొద్దువాలేసరికి దారికొచ్చింది. రాదా మరి? అరుప్పుకోట్టైలో మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని పెరిగిన పిల్ల. కాలితో తొక్కి, చేత్తో లాగి, ఏది ఎప్పుడు వదలాలో పుట్టింట్లోనే నేర్చింది. కోడల్ని తెచ్చుకున్నప్పుడు పెరుమాళ్సామి నగ చూశాడు, నక్షత్రం చూశాడు, కాళ్లు చూడలేదు.

ఇప్పుడు మన ఉద్యమం చిక్కులో పడింది. క్లచ్ పెట్టినా ఆమె తోలుతోంది. మన ఏడుపు గేరు గురించి కాదని మొదటే ఒప్పుకుని ఉంటే, మంచి గేర్‌బాక్సు ఒకటి మిగిలేది. ఇక పీకడానికి స్టీరింగ్ ఒక్కటే ఉంది. ఆ పని పాండీశ్వరన్ చెయ్యనన్నాడు.

సోమవారం మామ విరుదునగర్ మిరప మండీకి పోవాలి. పెరుమాళ్సామి వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. కార్తిక గేరు మార్చినప్పుడల్లా ఆయన ఎడమకాలు కింద మ్యాటును గట్టిగా తొక్కుతోంది.

సాత్తూరు దాటాక ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"మామా, కాలు తీయండి. ఆ పక్క మీరు ఏమీ పెట్టించలేదు."