తుమ్మును గెలిచిన సూపర్‌వైజరక్క

ఆర్థిక సంవత్సరము మూడవ పాదమున, వాటాదారులు అలకపాన్పు ఎక్కిన వారమున, ఉద్యోగుల తగ్గింపు జాబితా అచ్చుయంత్రము గుమ్మము చెంత కాచుకొనియున్న ఉదయమున, ఇసుకను కాచి వడగట్టి స్ఫటికముగ పెంచి పలుచని పళ్ళెములుగ కోసి గోటికొసంత జాగాలో కోటానుకోటి మీటలు చెక్కు మహాకర్మాగారమున, పసుపు దీపముల వెలుగున జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెద, చెవులొగ్గి వినుడు. సెల్‌ఫోనులు కట్టివేయుడు. కట్టివేయనివారు లేచి పోవచ్చును, నాకేమియు నష్టము లేదు.

ముందుగా ఈ యుద్ధమునకు మూలమేదో చెప్పవలెను. ఒక కంపెనీ చిప్పుల ధర తగ్గించెను. రెండవది పంతమునకు పోయి ఇంకను తగ్గించెను. మూడవది ఎక్కడినుండియో ఊడిపడి ఆ ఇద్దరి నోటను మట్టి కొట్టెను. తగ్గించుటకు ఇక ధర మిగులక, అందరును మనుషులను తగ్గింపసాగిరి.

రెండవ కంపెనీలో మూడవ గది అని ఒకటి కలదు. ఆ గదిలో పదునెనిమిది వత్సరములుగ కాంతితో చిప్పులను అచ్చువేయు యంత్రములను కంటికి రెప్పవలె కాచుచున్న రేణుమర్దిని, నిశ్చలగాత్రి, ధవళకవచధారిణియే మన కథానాయిక. సూపర్‌వైజరు గావున ఆమె అందరికి సూపర్‌వైజరక్క. ఆమె మగడు మొదటి కంపెనీలో చిప్పులను పరీక్షించువాడు. పోయిన నెలనే ఆ కొలువు ఊడగా, ఇంట గిన్నెలు తోముటయందు ప్రావీణ్యము గడించుచుండెను. ఆ ఇంటికి ఇక ఆమె జీతమొక్కటే దిక్కు.

ఆనాడు గడప దాటుచున్న ఆమెతో అతడు, "మొన్న మావాళ్ళనీ ఇలాగే నిలబెట్టి లెక్క తీశారు. కాస్త జాగ్రత్త," అనెను.

"మీరు భయపడి నన్ను భయపెట్టకండి. స్టవ్ మీద పాలు చూడండి," అని ఆమె రణభూమికి బయలుదేరెను.

అధిష్ఠానము విధించిన పరీక్ష ఇది. మూడవ గది, అయిదవ గది, ఈ రెండింటిలో ఒక్కటే మిగులును. నలుబది నిమిషములసేపు గదిలోని గాలియందలి ధూళిని యంత్రముతో లెక్కింతురు. ఎవరి గదిలో రేణువులు తక్కువో వారు బ్రతికిపోదురు. ఓడిన గదిలోని పదునలుగురును సాయంత్రములోగా అట్టపెట్టెలు చంకన బెట్టుకొని ఇంటిదారి పట్టుదురు. అయిదవ గదివారు ముందురోజే ఏడు రేణువులతో ముగించి, క్యాంటీనులో కాలు మీద కాలు వేసికొని కూర్చుండిరి.

ఇచ్చట మేనేజరుగారి ప్రతిభను వర్ణింపక తప్పదు. ముఖమునకు పౌడరు పూసికొన్నవారిని గుమ్మమునుండియే త్రిప్పి పంపు ఆ కర్మాగారమున, తలవెండ్రుక రాలినను సంజాయిషీ అడుగు ఆ కర్మాగారమున, తనిఖీ అధికారికి స్వాగతమిచ్చుటకై ఆ మహానుభావుడు చాటంత లిల్లీ పూలగుత్తిని తెప్పించెను. తెప్పించి ఊరకుండెనా? తెచ్చి సూపర్‌వైజరక్క చేతిలో పెట్టెను.

"సార్, పూలా? ఇక్కడా?" అని ఆమె తెల్లబోయెను.

"సూట్లు వేసుకునే గదికి ఇవతలే కదమ్మా. ఏం కాదు. మీరు సీనియరు, కాస్త నవ్వుతూ ఇవ్వండి," అనెను మేనేజరు.

ఆమె నవ్వుచునే ఇచ్చెను. అంతట ఆ లిల్లీల కేసరములనుండి పుప్పొడి యను పసుపుపచ్చని సేన లేచి, చడీచప్పుడు లేక ఆమె నాసికాగహ్వరమున ప్రవేశించి, డేరాలు వేసికొని కూర్చుండెను.

అనంతరము పదునలుగురును టోపీ, ముసుగు, నిలువెత్తు తెల్లని సూటు, బూట్లు, చేతొడుగులు వరుస తప్పక ధరించి, కన్నులు దప్ప సర్వాంగములును మాయము కాగా, మూడవ గదిలో బారులు తీరిరి. మనిషి కదిలిన ధూళి రాలును. కావున ఎవ్వరును అంగుళము కదలరాదని వారు తమలో తాము ఒట్టు పెట్టుకొనియుండిరి. పళ్ళెములను మోయు పని ఎటులను పైకప్పున పరుగెత్తు యంత్రశకటములదే. తనిఖీ అధికారి గాజుగోడ అవతల నిలిచి గడియారము నొక్కెను.

పది నిమిషములు గడిచెనో లేదో, సూపర్‌వైజరక్క ముక్కు దూలమున చక్కిలిగింత రూపమున శత్రువు ప్రత్యక్షమై ఇట్లు గర్జించెను: "ఓ ధవళకవచధారిణీ, నేను క్షుతభూపతిని, తుమ్ములకెల్ల తుమ్మును. కొలువుకూటములలో, పెండ్లి ఫొటోలలో, పరీక్షామందిరములలో నన్నాపిన వీరుడు ఇంతవరకు పుట్టలేదు. నా ఒక్క సింహనాదమున వేనవేల రేణువులు ఎగయును. నీవు ఆరింటిని, ఏడింటిని వ్రేళ్ళపై లెక్కబెట్టుకొను దానవు. మర్యాదగా దారి విడువుము."

చేతితో నలుపుకొన్నచో చేతొడుగు మైలపడును. బయటికి పోవలెనన్న తలుపు తెరవవలెను. తలుపు తెరిచిన లెక్క తలక్రిందులగును. ఎంత వింత చూచినను ముక్కున వేలు వేసికొనుటకు వీలులేని చోటు ఈ భూమండలమున అదొక్కటే గదా.

పదునెనిమిదవ నిమిషమున ఆమె కన్నులు నిండెను. ప్రక్కనే నిలిచినవాడు యంత్రముల మరమ్మతుదారు. రిటైరగుటకు రెండేండ్లున్న ఆయనను అందరు స్పానర్ బాబాయ్ అందురు. ఆయన పెదవి కదపక మెల్లగా, "ఏంటమ్మాయ్, ఏడుస్తున్నావా?" అనెను.

"తుమ్ము బాబాయ్."

"ఎంత దూరంలో ఉంది?"

"గుమ్మంలో ఉంది."

"నాలుక అంగిటికి నొక్కు. బాగా కోపం తెప్పించే మనిషి ఎవరినైనా తలుచుకో."

"మేనేజర్నే తలుచుకుంటున్నా."

"ఇంకాస్త గట్టిగా తలుచుకో."

ఈ పాటి మాటలకే గోడమీది తెరపై లెక్క నాలుగునుండి ఆరుకు ఎగబ్రాకెను. ఇద్దరును నోళ్ళు కుట్టివేసికొనిరి. ఇక ఒక్క రేణువు పెరిగినను ఆధిక్యము పోయినట్లే.

ముప్పదియైదవ నిమిషమున శత్రువు సర్వసైన్యముతో విరుచుకుపడగా, ఆ నిశ్చలగాత్రి ఊపిరి బిగబట్టి, పండ్లు కరచి, బూట్లలో కాలివ్రేళ్ళు ముడిచి, కనుబొమ మాత్రము అదురుచుండ, అటు మగని ఊడిన కొలువు, ఇటు తన కొలువు, ప్రక్కన బాబాయి రెండేండ్లు, వెనుక పండ్రెండుగురి అట్టపెట్టెలు ఒక్కుమ్మడి కన్నుల ముందు మెదలుచుండ, ముక్కులో మంట, గుండెలో మంట ఏది యేదో తెలియని స్థితిలో నిలువుగుడ్లు వేసికొని నిలిచెను. అబద్ధమెందుకు, ఆమెకు చచ్చేంత భయము వేసెను. అయినను కదలలేదు.

గంట మ్రోగెను. లెక్క ఆరు.

సూట్లు విప్పు గదిలో తనిఖీ అధికారి చిరునవ్వుతో, "అద్భుతం. మీ గది ఉంటుంది," అనెను. పదునలుగురికి ప్రాణము లేచివచ్చెను. అంతలోనే ఆయన, "ఇంకో విషయం గమనించాను. నలభై నిమిషాలు మీరెవరూ కదల్లేదు, అయినా పని ఆగలేదు. అంటే ఇంతమంది అక్కర్లేదు. ఏడుగురు చాలు," అనెను.

"నేనూ అదే అనుకుంటున్నాను సార్," అనెను మేనేజరు.

చేతొడుగు విప్పుచున్న బాబాయి చేయి నడుమనే ఆగిపోయెను. అప్పుడు సూపర్‌వైజరక్క, ముసుగు తీయకయే, ఒక అడుగు ముందుకు వేసెను.

"సార్, ఆ ఆరు లెక్క ఎంతమందితో తీశారు?"

"పధ్నాలుగు మందితో."

"పోయినేడు మేం ఒక్క స్క్రూ మార్చామని గది మూయించారు. ఏది మారినా మళ్ళీ మొదటి నుంచి పరీక్ష చెయ్యాలన్నారు. ఆరు వారాలు పట్టింది. మరి ఏడుగురిని తీసేస్తే?"

"స్క్రూలు వేరు, మనుషులు వేరు కదమ్మా."

"మీ ఫారంలో ఇద్దరం ఒకే గడిలో ఉన్నాం సార్."

అధికారి తన చేతిలోని తనిఖీ ఫారము త్రిప్పి చూచెను. 'గదిలోని సామగ్రి' యను శీర్షిక క్రింద యంత్రములు, స్క్రూలు, మనుషులు, మూడును ఒకే గడిలో ముద్రింపబడియుండెను. ఆరు వారములు గది మూసినచో ఆర్డరులన్నియు మూడవ కంపెనీ ఎగరేసికొనిపోవును. ఆయన మేనేజరు వంక చూచెను. మేనేజరు పైకప్పు వంక చూచెను. చేసేది లేక ఆయన 'పదునలుగురు, తదుపరి తనిఖీ దాకా, అనగా మూడు నెలల వరకు, మార్పు లేదు' అని వ్రాసి సంతకము చేసెను.

వారు వెడలిపోయినంతనే బాబాయి, "అమ్మాయ్, ఇప్పుడు తుమ్ము. ఎవడడ్డమొస్తాడో చూస్తా," అనెను.

ఆమె ముసుగు లాగివేసి, ముఖము దీపము వైపు ఎత్తి, నోరు తెరచెను. తక్కినవారందరును ఊపిరి బిగబట్టి వేచిరి. ఏమియు రాలేదు.

"పోయింది బాబాయ్."

"మళ్ళీ వస్తుందంటావా?"

"రాకుండా ఉంటుందా? మూడు నెలలు టైముంది," అని ఆమె అచ్చటి బల్లపై కూలబడి, నవ్వుచు కన్నులు తుడుచుకొనెను.

ఇట్లు ఆ రేణుమర్దిని ఒకే ఒక రేణువు తేడాతో శత్రువును జయించి, పదునలుగురికి మూడు నెలల కూడు నిలబెట్టెను. మనుషులు స్క్రూలతో సరిసమానులని ఆ కంపెనీ చరిత్రలో మొట్టమొదటిసారి కాగితముపై, సంతకముతో సహా, ఒప్పింపబడెను. జయము, జయము.