టీమ్ లీడ్ గారికి ఆపద

పదకొండింటిలోపు యాప్ పరీక్ష ముగించి, మధ్యాహ్నం హాయిగా టిఫిన్ డబ్బా విప్పుకోవాలని ఆ ఉదయం నాగభూషణం పథకం. గురుగ్రామ్‌లో అతను పనిచేసే కంపెనీ, ఆఫీసు క్యాబ్‌ల యాప్ తయారుచేస్తుంది. అందులో ఎవరైనా ఆపదలో ఎర్ర బటన్ నొక్కితే ఇంటివాళ్ళకి కబురు వెళ్ళాలి. దానికి జావా కోడ్‌లో ఆ పని నెత్తిన ఒక యానొటేషన్, అంటే చిన్న గుర్తు, పెడితే చాలు. ఇంటర్‌సెప్టర్ అనేవాడు గేటు దగ్గర వాచ్‌మన్‌లా అడ్డుపడి, ముందు ఇంటికి కబురు పంపి, తర్వాతే పనిని లోపలికి వదులుతాడు.

నాగభూషణం తన భార్య సుభద్ర నంబరు పెట్టి నొక్కాడు. కబురు వెళ్ళలేదు. వరసగా నలభైసార్లు నొక్కేలా కోడ్ రాశాడు. ఉహూఁ! ఇక సిగ్గు చంపుకుని చైతుని పిలిచాడు. చైతు అతనికంటే పన్నెండేళ్ళు చిన్న. రెండు నెలల కిందట టీమ్ లీడ్ అయ్యాడు. ఇంట్లో మాత్రం నాగభూషణం ఆ పదవి తనకే వచ్చిందని, చైతు తన కింద పనిచేస్తున్నాడని చెప్పి, సుభద్ర చేసిన పాయసం రెండు గిన్నెలు తాగాడు.

"ఆబ్జెక్ట్ మీరే సొంతంగా తయారుచేసేశారు నాగభూషణం గారూ. అది ఫ్రేమ్‌వర్క్ ఇవ్వాలి. మీరు గోడ దూకి వస్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఏం చేస్తాడండీ?" అంటూ చైతు ఒక్క లైను మార్చి నొక్కాడు.

ఆ నలభైసార్ల సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ఢిల్లీ అవతల వైశాలిలో, ఇంట్లో కూర కలియబెడుతున్న సుభద్ర ఫోన్‌కి నలభైసార్లు "నాగభూషణం ఆపదలో ఉన్నారు" అని వచ్చింది. ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. అతని ఫోన్ సొరుగులో సైలెంట్‌లో ఉంది. గంటన్నరకల్లా ఆవిడ, పక్కింటి కాంతమ్మ గారు ఏడుస్తూ ఆఫీసు రిసెప్షన్‌లో దిగారు. కబురందుకుని చైతు మెడలో పేరు కార్డుతో పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వు చైతువేనా బాబూ? మావారి కింద పనిచేసే చైతువేనా? మీ సార్‌కి ఏమైంది నాయనా?"

చైతు వెనకాలే వచ్చిన నాగభూషణం మొహం చూశాడు.

"మా సార్‌కి ఏం కాలేదు ఆంటీ. అదిగో, గుండ్రాయిలా ఉన్నారు."

అతను తిట్టినా బాగుండేది. ఆ మంచితనానికి నాగభూషణం తల తీసేసినట్టయింది.

"సుభద్రా, సార్ నేను కాదు. అతను," అన్నాడు నేల చూపులు చూస్తూ.

సుభద్ర కళ్ళు తుడుచుకుంది. "మరి ఆ పాయసం?" అంది. కాంతమ్మ గారు గోడ మీది గడియారం కేసి తిరిగారు. నాగభూషణానికి అక్కడే నేలలోకి కుంగిపోవాలనిపించింది.

పరీక్ష పాసయింది. ఇప్పుడు నాగభూషణం ఇంట్లో ఏ మాట చెప్పినా, సుభద్ర ముందు చైతుకి ఫోన్ చేసి కనుక్కుని, తర్వాతే లోపలికి వదులుతోంది.